వంటింటికి ఎన్ని గుమ్మాలు?

ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని మన సంఘ కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు సర్వీసు అనుభవాలు రాయమంటారేమో అనుకున్నాను. "చరిత్రకు సంబంధించినది ఏదైనా రాయండి, కాని ఇంట్లో ఆడవాళ్లు కూడా చదివేటట్టు ఉండాలి" అన్నారు. రాజుల చరిత్ర నాకు అంతగా తెలియదు. 1964లో ట్రేసరుగా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌నై, 2000లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ముప్పయ్యారేళ్లూ గోడలు, గుమ్మాలు, కిటికీలు గీయడంతోనే సరిపోయింది. అందుచేత వాటి చరిత్రే రాస్తున్నాను, అదీ వంటింటి వరకు. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. దాన్ని మా శ్రీమతికి చెప్పడానికే నాకు పాతికేళ్లు పైన పట్టింది గనుక, మన సభ్యులకు ఇప్పుడు చెప్పినా పెద్ద ఆలస్యం చేసినట్టు కాదు.

మాది తూర్పు గోదావరి జిల్లా. మా తాతగారి ఇల్లు పాత మండువా లోగిలి. ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు గనుక చెబుతున్నాను: నాలుగు వైపులా పెంకుల వసారాలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, వానొస్తే చూరునీళ్లన్నీ అందులో పడి తూము గుండా బయటికి పోయేవి. ఇంటికి వెలుతురంతా ఆ నడిమి ఖాళీ నుంచే. బయటి గోడలకు కిటికీలు తక్కువ, ఉన్నవీ చిన్నవి. వంటిల్లు ఈ చతురస్రానికి వెనక, పెరటి వైపున, దాదాపు విడిగా ఉండేది. దానికి రెండే గుమ్మాలు. ఒకటి భోజనాల వసారాలోకి, రెండోది నూతి వైపుకి. కిటికీ అనదగ్గది లేదు. చూరు కింద జానెడు గవాక్షం ఒకటి ఉండేది. పొగ పోవడానికి ఒకటి రెండు పెంకులు కాస్త లేపి పెట్టేవారు.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ వంటింటి అమరిక మొత్తం కింద కూర్చుని వండే మనిషి కోసం చేసినదని అర్థమవుతుంది. మా అమ్మ కత్తిపీట ఎప్పుడూ నూతి గుమ్మం పక్కనే. పొద్దుటి వెలుతురు ఆ గుమ్మంలోంచి నేల మీద పడేది. కూర్చున్న మనిషికి కావలసిన వెలుతురు నేల మీదే కదా. పొయ్యి మాత్రం వెలుతురుకు దూరంగా మూలన ఉండేది, గాలికి మంట చెదరకుండా. గుమ్మం దగ్గర తరుగుడు, మూలన వంట, వాటి మధ్య రోలు, సన్నికల్లు. ఎవరూ ప్లాను గీయలేదు. నాలుగైదు తరాల ఆడవాళ్ల అలవాటే ప్లాను. ఆ వంటిల్లు నూటికి నూరుపాళ్లూ బాగుందని అంటున్నానని అనుకోకండి. యాభై ఏళ్లు రాకుండానే మా అమ్మకు కళ్లు మసకబారాయి. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చున్న మనిషికి కళ్లు నీళ్లు కారడం సహజమేననుకున్నాం. పొగ సంగతి ఎవరూ ఎత్తలేదు. వయసు అన్నారు.

ఆగ్నేయ మూలన వంట అన్న నియమం మనందరికీ తెలిసిందే. అది అగ్నిదేవుడి దిక్కు గనుక అక్కడే నిప్పు ఉండాలని వాస్తు. మా ఆఫీసులో ఒక ఇంజనీరు గారు దీనికి గాలి లెక్క చెప్పేవారు. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి పడమటి నుంచీ నైరుతి నుంచీ వీస్తుంది, పొయ్యి తూర్పు వైపు మూలన ఉంటే పొగా నిప్పురవ్వా ఇంటి మీదికి రావు అని. బాగానే ఉంది. "మరి ధనుర్మాసంలో ఈశాన్యపు గాలి తగిలితే ఆ పొగ మళ్లీ ఇంటి వైపే తిరుగుతుంది కదండీ" అని నేను అడిగితే, "నువ్వు ట్రేసింగు చేసుకోవయ్యా" అన్నారు. ఆయన లెక్క సగం ఏడాదికే సరిపోయినా, తూర్పు ముఖంగా నిలబడి వండేవాళ్లకు పొద్దుటి వెలుగు చేతుల మీద పడుతుందన్నది మాత్రం కాదనలేని లాభం.

గుమ్మాలకు మరో లెక్క ఉండేది. అది మడి లెక్క. మడి పాటించే ఇళ్లలో వంటిల్లు అన్నిటికన్నా లోపల ఉండాలి. బయటివాళ్లు దాటి రాకూడదు. నూతి నుంచి మడినీళ్లు తెచ్చుకునే దారి ఎవరికీ తగలకుండా నేరుగా వంటింట్లోకి ఉండాలి. అంట్లు తోమే మనిషి పెరటి గుమ్మం దగ్గరే ఆగిపోయేది. ఆమె తోమిన గిన్నెల మీద నీళ్లు చల్లి లోపలికి తీసుకోవడం నేను కళ్లారా చూశాను. మా నూతి గుమ్మం అక్కడ ఉండటానికి వెలుతురు ఒక కారణమైతే, ఏ మనిషి ఎక్కడ ఆగాలో చెప్పడం రెండో కారణం. ఆ గిన్నెలు తోమిన మనిషే మా ఇంట అందరికన్నా ఎక్కువ పొద్దు పని చేసేది. చరిత్ర రాస్తూ ఈ మాట దాటవేయడం సబబు కాదు.

ఇక దేశాలు దాటి వెళదాం. వంటింటిని గురించి కాగితం మీద లెక్కలు వేసి పుస్తకాలు రాసినవాళ్లలో ముందుగా చెప్పుకోవలసింది అమెరికాలోని క్యాథరిన్ బీచర్. బానిసత్వం మీద 'అంకుల్ టామ్స్ క్యాబిన్' నవల రాసిన హారియట్ బీచర్ స్టో ఈమె చెల్లెలు. అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి 1869లో గృహనిర్వహణ మీద ఒక పెద్ద పుస్తకం వెలువరించారు. ఆవిరి ఓడలో వంటగదిని చూడండి, చిన్న చోటులో అన్నీ చేతికందేటట్టు ఎలా అమర్చారో గమనించండి అన్నది వారి వాదన. వారి ప్లానులో పని బల్ల, కడిగే తొట్టి కిటికీ దగ్గర ఉంటాయి. పొయ్యి వేరే చిన్న గదిలో ఉంటుంది. రెండింటి మధ్య అద్దాల జరుపుడు తలుపులు. వేడీ వాసనా పొయ్యి గదిలోనే ఆగిపోవాలి, వెలుతురు మాత్రం రెండు వైపులా రావాలి అన్నమాట.

ఆ తరవాత అదే దేశంలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే ఆమె ఫ్యాక్టరీ పద్ధతిని వంటింట్లోకి తెచ్చింది. ఆ రోజుల్లో టేలర్ అనే ఇంజనీరు కార్మికుడు ఎన్నిసార్లు వంగుతున్నాడు, ఎంతసేపు పడుతోంది అని గడియారం పెట్టి కొలిచే శాస్త్రాన్ని ప్రచారం చేస్తున్నాడు. ఫ్రెడరిక్ 1912లో పత్రికా వ్యాసాలుగా, 1913లో పుస్తకంగా అదే కొలతను గృహిణి అడుగులకు అన్వయించింది. ఒకే వంటింటిని రెండు రకాలుగా గీసి, మనిషి నడిచే దారులను గీతలుగా చూపింది. సరుకులు తీసి, తరిగి, వండి, వడ్డించే దారి ఒకటి. ఎంగిలి గిన్నెలు తెచ్చి, కడిగి, తుడిచి, సర్దే దారి రెండోది. చెడ్డ ప్లానులో ఈ గీతలు చిక్కుపడిన నూలు ఉండలా ఉంటాయి. మంచి ప్లానులో ఒకదాన్నొకటి దాటవు. డ్రాఫ్ట్స్‌మన్‌గా నాకు ఆ బొమ్మలు చూడగానే తట్టింది ఒకటే: గీతలు చిక్కుపడటానికి సగం కారణం గుమ్మాలు. గుమ్మం అంటే అక్కడ గోడ లేదని అర్థం. గోడ లేనిచోట బల్ల రాదు, అలమర రాదు. దాంతో వస్తువులు గదికి ఆ మూలకొకటి ఈ మూలకొకటి పారిపోతాయి.

ఫ్రెడరిక్ పుస్తకం 1920ల తొలినాళ్లలో జర్మన్ భాషలోకి వచ్చింది. దాన్ని చదివినవారిలో వియన్నాకు చెందిన ఒక యువతి ఉంది. పేరు మార్గరెటె లిహొట్స్కీ. 1897లో పుట్టింది. ఆస్ట్రియాలో ఆర్కిటెక్చరు చదివిన తొలి స్త్రీలలో ఒకరు. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత జర్మనీలో ఇళ్ల కరువు. ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఎర్నస్ట్ మే అనే ఆర్కిటెక్టు కార్మికుల కోసం వేలకొద్దీ ఇళ్లు కట్టే పథకానికి నాయకత్వం వహిస్తూ, 1926లో ఈమెను పిలిపించుకున్నాడు. వంటిల్లు చిన్నది కావాలి, చవకగా కావాలి, ప్రతి ఇంటికీ ఒకేలా కావాలి. మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే, టైపు డిజైను.

ఆమె గీసిన వంటిల్లు సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. మన లెక్కన ఆరడుగుల పైచిలుకు వెడల్పు, పదకొండు అడుగుల పొడవు. రైల్లో భోజనశాల పెట్టెకు ఉండే ఇరుకు వంటగది ఆమెకు ఒక నమూనా. అంత చిన్న చోట్లో అంతమందికి వండగలిగితే ఇంట్లో నలుగురికి వండలేమా అని. గదికి ప్రవేశద్వారం ఒక కొసన, దానికి ఎదురుగా రెండో కొసన కిటికీ. ఆ కిటికీ కిందే పని బల్ల, ముందు తిరిగే స్టూలు. తరుగుడు, ఒలుపుడు వంటి పనులన్నీ పగటి వెలుతురులో కూర్చుని చేసుకోవాలన్నది ఆమె ఉద్దేశం. కుడి గోడ పొడుగునా అలమరలు, కడిగే తొట్టి. ఎడమ గోడకు గ్యాసు పొయ్యి, దాని తరవాత హాల్లోకి జరుపుడు తలుపు. రెక్క తలుపు పెడితే అది తెరుచుకునే మేర గోడ వృథా అవుతుంది, జరుపుడు తలుపుకు ఆ నష్టం లేదు. ఆ తలుపు తీసి ఉంచితే తల్లి వండుతూనే హాల్లో ఆడుకునే పిల్లల్ని చూసుకోవచ్చు. పొయ్యి దగ్గరి నుంచి భోజనబల్ల దాకా మూడు మీటర్ల లోపే. పప్పులకూ పంచదారకూ మూతి ఉన్న అల్యూమినియం సొరుగులు, పట్టాల మీద జరిగే దీపం, గోడకు మడిచే ఇస్త్రీ బల్ల, అన్నీ ఆ ఆరడుగుల వెడల్పులోనే. ఈగలు ఆ రంగు మీద వాలవని అప్పటి నమ్మకం గనుక చెక్కకు నీలం కలిసిన ఆకుపచ్చ రంగు వేశారు. ఇటువంటి వంటిళ్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లో పదివేల దాకా కట్టారు. ఈ రోజు మనం మాడ్యులర్ కిచెన్ అని డబ్బు పోసి కొనుక్కునేదానికి ఇదే ముత్తవ్వ.

దీన్ని మెచ్చుకున్నవాళ్లు ఎంతమందో తప్పుపట్టినవాళ్లూ అంతమంది. ఇద్దరు పక్కపక్కన నిలబడలేరు. అంటే అత్తా కోడలూ, తల్లీ కూతురూ కలిసి వండే వీలు లేదు. భర్త సాయం చేస్తానన్నా చోటు లేదు (మా తరం మగవాళ్లకు ఈ నెపం బాగా ఉపయోగపడేది). కింది సొరుగులు పసిపిల్లల చేతికందేవి. అడుగులు తగ్గించారు సరే, ఆడమనిషిని ఒంటరిగా ఒక పెట్టెలో కూర్చోబెట్టారు కదా అని తరవాతి కాలపు స్త్రీవాదులు విమర్శించారు. ఇందులో న్యాయం ఉంది. విచిత్రం ఏమిటంటే, ఆ వంటిల్లు గీసేనాటికి తాను ఎన్నడూ వంట చేసి ఎరగనని లిహొట్స్కీయే తరవాత చెప్పింది. అయితే ఆమె కొలిచింది, చదివింది. ఆ మేరకైనా చేసింది. 1927లో ఒక సహోద్యోగిని పెళ్లాడి షుట్టె-లిహొట్స్కీ అయింది. హిట్లరు కాలంలో ఆస్ట్రియా ప్రతిఘటన ఉద్యమంలో పనిచేయడానికి తిరిగి వెళ్లి, 1941లో పట్టుబడి, 1945లో యుద్ధం ముగిసేదాకా జైల్లో ఉంది. 2000 జనవరిలో, మరి అయిదు రోజుల్లో 103 నిండుతాయనగా కన్నుమూసింది. నేను రిటైరైన సంవత్సరమే. ఇన్నేళ్ల జీవితంలో తనను అందరూ ఆ ఒక్క వంటింటితోనే గుర్తుపెట్టుకోవడం ఆమెకు అంతగా రుచించలేదట.

ఇదంతా గ్యాసూ కుళాయీ ఉన్న నగరాల ముచ్చట. కట్టెలూ పిడకలూ కాల్చే మన వంటిళ్లలో గుమ్మం ఎక్కడ పెట్టినా పొగ సమస్య తీరదు. మన హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టర్ ఎస్.పి. రాజు గారు దీని మీద పనిచేశారు. మట్టితోనే కట్టుకోగల పొయ్యి, ఒకే మంట సొరంగంలా వరసగా గిన్నెల కింద నడిచి చివరికి గొట్టం గుండా బయటికి పోతుంది. లక్షలాది ఇళ్లకు పొగలేని వంటిళ్లు అన్న అర్థం వచ్చే పేరుతో ఆయన ఆంగ్లంలో రాసిన చిన్న పుస్తకం 1953లో వెలువడింది. ఆనకట్టలూ రోడ్లూ చూసుకోవలసిన ఇంజనీర్లు మట్టిపొయ్యి మీద బుర్ర పెట్టడం మామూలు విషయం కాదు. కేంద్ర ప్రభుత్వం మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని 1983లో గాని మొదలుపెట్టలేదు. అది 2002 దాకా నడిచింది. చాలా ఊళ్లలో గొట్టాలు మసి పట్టి మూసుకుపోయాక తుడిచేవాళ్లు లేక మళ్లీ పాత పొయ్యికే వెళ్లారు.

గుమ్మాల సంగతికి వస్తే, మన తెలుగు జిల్లాల్లోనే జరిగిన ఒక అధ్యయనం ఉంది. వరంగల్లు, నిజామాబాదు, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో సుమారు నాలుగు వందల ఇళ్లలో పొగధూళిని కొలిచి 2004లో ప్రచురించారు. ఏ వంటచెరకు వాడుతున్నారన్నదాంతో పాటు, వంటిల్లు ఇంటిలోపల అడ్డుగోడతో ఉందా, అడ్డు లేకుండా ఉందా, విడిగా ఉందా, ఆరుబయట వంటా అని కూడా రాసుకున్నారు. అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది వంటచెరకే. కాని వండని మనుషులు మసిలే గదిలోకి ఎంత పొగ వస్తుందన్నది వంటింటి అమరిక మీద కూడా ఆధారపడుతుంది. వండే మనిషి ఎక్కడున్నా పొగ మింగక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఇంటిలోపలి ఇటువంటి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారు. ఆ అంకె చదివినప్పుడు నాకు మా అమ్మ ఊదుగొట్టం గుర్తుకొచ్చింది.

ఇక నా తప్పు సంగతి. 1968లో మా ఆఫీసులో చిన్న ఉద్యోగుల క్వార్టర్లకు ఒక టైపు డిజైను తయారైంది. గీసినవాణ్ణి నేను. వంటిల్లు ఎనిమిదడుగులు, ఏడడుగులు. దానికి మూడు గుమ్మాలు: హాల్లోకి ఒకటి, పెరట్లోకి ఒకటి, స్టోరు గదిలోకి ఒకటి. ఒక కిటికీ. పక్కనున్న స్నానాలగది కిటికీతో వరస కలిస్తే బయటికి అందంగా కనిపిస్తుందని పై అధికారి అంటే, దాన్ని రెండడుగులు జరిపాను. అప్పుడది సరిగ్గా పెరటి గుమ్మానికి ఎదురుగా వచ్చింది.

పాఠకులు ఒక్క నిమిషం నాతో లెక్క వేయండి. గది చుట్టుకొలత 30 అడుగులు. గుమ్మానికి రెండున్నర చొప్పున మూడింటికి ఏడున్నర, కిటికీకి మూడు. మిగిలింది పందొమ్మిదిన్నర. మూడింటిలో రెండు తలుపులు లోపలికి తెరుచుకునేవి, అవి వాలే గోడ మరో అయిదడుగులు పోయింది. మిగిలిన పద్నాలుగున్నర అడుగులూ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. వాటిలో పెద్ద ముక్క నాలుగడుగులు లేదు. పొయ్యి పెట్టుకోవడానికి మిగిలిన ఒకే ఒక్క చోటు కిటికీ కింద. ఈ లెక్క నేను 1968లో వేయలేదు. గోడల మందం, దూలాల లెక్క, ఖర్చు లెక్క అన్నీ వేశాను.

1974లో నాకు క్వార్టరు కేటాయించారు. ఆ టైపుదే. మొదట్లో సంతోషించాను. వారం తిరగకుండా మా శ్రీమతి వత్తుల స్టవ్ చుట్టూ డాల్డా డబ్బా రేకు వంచి అడ్డం పెట్టడం చూశాను. కిటికీ నుంచి పెరటి గుమ్మానికి సూటిగా గాలి, మంట ఒక పక్కకు వాలిపోయేది, గిన్నెలన్నీ మసి. కిటికీ మూస్తే కిరసనాయిలు వాసనకు తల తిరిగేది. స్టోరు గదికి వసారాలోంచి ఇంకో దారి ఉంది గనుక వంటింటి వైపు తలుపుకు తనే మేకు కొట్టేసి, దాని ముందు బియ్యం డబ్బా పెట్టుకుంది. మిగిలిన రెండు గుమ్మాల మధ్య మా పిల్లలు హాల్లోంచి పెరట్లోకి పరుగులు. వాళ్ల దారి సరిగ్గా స్టవ్‌కూ నీళ్ల బిందెకూ మధ్యలోంచి.

1976 వేసవిలో ఒకనాడు ఆమె గంజి వారుస్తోంది. పెరట్లోంచి పిల్లవాడు తలుపు తోసుకుని లోపలికి దూసుకొచ్చాడు. తలుపు రెక్క ఆమె మోచేతికి తగిలి మరుగుతున్న గంజి ముంజేతి మీద పడింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బర్నాలు రాసుకుని మంచం మీద కూర్చుని ఉంది. "ఈ ఇల్లు గీసినాయన ఎవరో గాని, ఒక్కపూటయినా గంజి వార్చి ఉండడండీ" అంది. నేను ఏమీ అనలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ తరవాత పై దేశాల పుస్తకాలు చూస్తే, ఆమె ఒక్క వాక్యంలో చెప్పిందానికి అప్పటికే రూలు ఉందని తెలిసింది. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1944లో చిన్న ఇళ్ల మీద ఒక పరిశోధన మండలి వెలిసింది. పొయ్యి, కడిగే తొట్టి, సరుకులు లేదా ఫ్రిజ్, ఈ మూడింటినీ కలిపితే ఏర్పడే త్రిభుజాన్ని వారు ప్రచారంలోకి తెచ్చారు. ఒక్కో భుజం నాలుగడుగులకు తగ్గకూడదు, తొమ్మిది దాటకూడదు, మూడూ కలిపి 26 అడుగులు మించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో మనుషులు ఇటూ అటూ వెళ్లే దారి ఆ త్రిభుజంలోంచి పోకూడదు. మన దేశంలో జాతీయ భవన నియమావళి మొదట 1970లో వచ్చింది. 2005 కూర్పు ప్రకారం భోజనాల గది విడిగా ఉంటే వంటిల్లు కనీసం 5 చదరపు మీటర్లు, 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. చదరపు మీటరుకు తగ్గని కిటికీ ఆరుబయటికి తెరుచుకోవాలి గాని గాలిగొట్టంలాంటి షాఫ్టులోకి కాదు. 1.8 మీటర్లకూ ఫ్రాంక్‌ఫర్ట్ వారి 1.9 మీటర్లకూ ఎంత తేడా ఉందో చూడండి! నా 1968 వంటిల్లు ఈ కొలతలన్నిటిలోనూ నెగ్గుతుంది. అయిదు చదరపు మీటర్ల పైనే ఉంది. గంజి వార్చే మనిషికి ఎక్కడ నిలబడాలో మాత్రం కొలతలు చెప్పవు.

మాకు గ్యాసు 1981లో వచ్చింది. దేశంలో ఇండేన్ గ్యాసు 1965లో కలకత్తాలో మొదలైనా మన జిల్లా పట్టణాలకు రావడానికి ఇంత కాలం పట్టింది. పేద ఇళ్లకు మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. గ్యాసుతో వంట నేల మీది నుంచి గట్టు మీదికెక్కింది. ఇది చిన్న మార్పు కాదు. కూర్చుని వండిన తరాలు పోయి నిలబడి వండే తరం వచ్చింది. కిటికీలు మాత్రం పాత ఎత్తులోనే ఉండిపోయాయి. మేం ఇల్లంతటికీ కిటికీ అడుగు రెండున్నర అడుగుల ఎత్తున పెట్టేవాళ్లం. వంటగట్టు రెండడుగుల ఎనిమిది అంగుళాలు. దాంతో గట్టు కిటికీకి అడ్డం వచ్చేది, లోపలికి తెరిచే రెక్కలు డబ్బాలను దొర్లించేవి. పైగా వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. పొగ కాలంలో చూరు కింద గవాక్షం చాలు, గ్యాసు కాలంలో నేల మట్టాన కూడా గాలి కదలాలి. సిలిండరు పెట్టే గట్టు కింది అరను తలుపులతో పూర్తిగా బిగించేవారు ఈ మాట గమనించగోరుతాను.

2000లో రిటైరైన సాయంత్రం, దండలూ శాలువా మంచం మీద పెట్టి, ఆ క్వార్టర్ల ప్లాను గీసింది నేనేనని మా శ్రీమతికి చెప్పాను. ఆమె కాఫీ కలుపుతోంది. "నాకు తెలుసు" అంది. "మనం ఆ ఇంట్లో దిగిన మూడో నెలలో ఏదో పనికి నీలం కాగితం ఇంటికి తెచ్చారు. దాని మీద అక్షరాలు మీవే. మీ చేతిరాత నాకు తెలియదా?" అంది. అంటే 1976లో అన్న మాట? "మిమ్మల్నే అన్నాను" అంది.

2003లో మేం ఈ ఫ్లాటు కొనుక్కున్నప్పుడు వంటింటి ప్లాను ఆమెదే. బిల్డరు గారు ఆగ్నేయమని చెప్పి కిటికీ కిందే పొయ్యి పెట్టించబోతే వద్దంది. దిక్కు మార్చలేదు. తూర్పు గోడకే, కిటికీకి రెండడుగులు పక్కకు జరిపించింది, అంతే. కిటికీ కింద సింకు పెట్టించింది. సుద్దముక్కతో నేల మీద గట్టు గీసి, ఖాళీ గిన్నె పట్టుకుని అటూ ఇటూ నాలుగు రోజులు నడిచి చూసుకుంది. హాలు వైపు గుమ్మానికి తలుపు తీయించేసి, వాష్ ఏరియా గుమ్మానికి గడప లేకుండా నేల సమంగా చేయించింది. ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డాక ఆ లేని గడప విలువ నాకు తెలుస్తోంది. మన సభ్యుల్లో ఎందరు గడపలు తట్టుకుని తుంటి విరగ్గొట్టుకున్నారో సంఘం సమావేశాలకు వచ్చేవారికి నేను చెప్పనక్కరలేదు. మొన్న అమెరికాలో మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు అక్కడి వంటింటికి అసలు గోడే లేదు, హాలూ అదీ ఒకటే. ఈవిడ పప్పులోకి ఎండుమిర్చి పోపు వేయగానే పొగగంట కూసింది. కోడలు పరుగున వచ్చి తువ్వాలు ఊపుతుంటే, "ఇంత ఇంటికి ఒక్క పెరటి గుమ్మం లేకపోయిందా అమ్మాయ్" అని అడిగింది.

రెండేళ్లుగా ఆమెకు మోకాళ్లు సహకరించడం లేదు. నా ఆఫీసు రోజులనాటి డ్రాయింగు స్టూలు ఒకటి ఉండేది, రిటైరైనప్పుడు పాతసామానుల వేలంలో కొన్నాను. తిరిగేదే. దాని కాళ్లు అయిదంగుళాలు కోయించి కిటికీ పక్కన గట్టు ముందు వేశాను. ఇప్పుడు కూరలు అక్కడే కూర్చుని తరుగుతుంది, గేటులోంచి వచ్చేవాళ్లందరినీ పలకరిస్తూ. బియ్యం కడగడం, గిన్నెలు అందించడం నా పని. ఈ వ్యాసం చదివి వినిపిస్తే అన్నీ విని, "స్టోరు గది తలుపు వంటింట్లోకి కాదు, అవతలికి తెరుచుకునేది. అందుకే మేకు కొట్టగలిగాను" అంది. నేను మూడు తలుపులూ లోపలికే అని రాసి ఉన్నాను. పైన లెక్క సరిదిద్దాను.